రహస్యం వేదికెక్కినప్పుడు: మొజార్ట్ ఆపెరా నుంచి క్యూబ్రిక్ సినిమా దాకా

ఓల్ఫ్‌గాంగ్ అమడేయుస్ మొజార్ట్ 1791 డిసెంబరు 5న వియన్నాలో 35 ఏళ్లకే కన్నుమూశాడు. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంవారి దీక్షా సంప్రదాయాన్ని గుర్తుచేసే ఆయన ఆపెరా (సంగీతనాటకం) ‘ది మ్యాజిక్ ఫ్లూట్’ వేదికెక్కి అప్పటికి పది వారాలైనా కాలేదు. రెండు శతాబ్దాల తరువాత, 1999 మార్చి 7న, సినీ దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ ఇంగ్లండ్‌లోని తన ఇంట్లో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. ముసుగులు వేసుకున్న ధనవంతుల రహస్య కూటమి ఒకటి కనిపించే ‘ఐస్ వైడ్ షట్’ చిత్రాన్ని ఆయన నిర్మాణ సంస్థకు చూపించి అప్పటికి కొద్ది రోజులే అయింది. ఈ ఇద్దరి మరణాల చుట్టూ అల్లుకున్న కథ ఒక్కటే: బయటికి చెప్పకూడని సంగతులు చెప్పారు కాబట్టి చంపేశారని. ఆధారం లేని ఈ కథ ఎందుకింత మొండిగా బతుకుతోందో తెలుసుకోవాలంటే, ఈ రెండు కృతుల్లో నిజంగా దాగి ఉన్నది ఏమిటో, దాగి ఉందని మనం అనుకుంటున్నది ఏమిటో విడదీసి చూడాలి. ఆ పనికి తగినంత ఆధారం చరిత్రలో ఉంది.

ముందుగా వియన్నా సంగతి. 1717లో లండన్‌లో తొలి గ్రాండ్ లాడ్జ్ ఏర్పడిన తరువాత, లాడ్జ్‌లని పిలిచే ఫ్రీమేసన్ల స్థానిక సంఘాలు యూరప్ అంతటా విస్తరించాయి. రాతి కట్టడాల మేస్త్రీల పరిభాషను, పనిముట్లను ప్రతీకలుగా స్వీకరించి, శిష్యుడు, సహచరుడు, ఆచార్యుడు అనే మూడు మెట్ల దీక్షలతో నడిచే ఆ సంఘాల్లో ప్రభువులు, ప్రభుత్వోద్యోగులు, వైద్యులు, శాస్త్రవేత్తలు, సంగీతకారులు పక్కపక్కన కూర్చునేవారు. 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్ వీటిని ఖండిస్తూ శాసనం వెలువరించాడు. అయినా కేథలిక్ చక్రవర్తుల రాజధాని వియన్నాలో, సామ్రాజ్ఞి మరియా థెరీసా భర్త ఫ్రాన్సిస్ స్వయంగా ఫ్రీమేసన్. మొజార్ట్ 1784 డిసెంబరు 14న ‘దాతృత్వం’ పేరుగల లాడ్జ్‌లో ప్రవేశ దీక్ష పొందాడు. మరుసటి నెలలోనే ‘నిజమైన సామరస్యం’ అనే మరో లాడ్జ్‌లో రెండో మెట్టు ఎక్కాడు. 1785 ఫిబ్రవరిలో స్వరకర్త యోసెఫ్ హైడెన్, ఏప్రిల్‌లో మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ కూడా చేరారు. హైడెన్ తన దీక్షకు తప్ప మళ్లీ అటు వెళ్లినట్టు లేదు. మొజార్ట్ మాత్రం చివరి వరకూ సభ్యుడుగానే ఉన్నాడు. అప్పుల్లో కూరుకుపోయిన చివరి సంవత్సరాల్లో ఆయన చేయి చాచింది కూడా మిహాయెల్ పుఖ్‌బెర్గ్ అనే సోదర సభ్యుడి ముందే. ఆ ఉత్తరాలు చదివితే లాడ్జ్ అంటే ఆయనకు మంత్రతంత్రాల గది కాదని, కష్టకాలంలో తలుపు తట్టగలిగిన స్నేహితుల వలయమని అర్థమవుతుంది.

ఇక్కడ తరచూ విస్మరించే ఒక విషయం ఉంది. 1785 డిసెంబరులో రెండో యోసెఫ్ చక్రవర్తి ఒక ఫర్మానా జారీచేసి వియన్నాలోని లాడ్జ్‌ల సంఖ్యను బాగా కుదించాడు. మిగిలినవి తమ సభ్యుల జాబితాలను అధికారులకు సమర్పించాలని ఆదేశించాడు. అంటే మొజార్ట్ ‘ది మ్యాజిక్ ఫ్లూట్’ రాసేనాటికి ఆయన సభ్యత్వం ప్రభుత్వానికి తెలిసిన సంగతే. లాడ్జ్ సంతాప సభ కోసం రాసిన శోకసంగీతం, గనుల శాస్త్రవేత్త ఇగ్నాట్స్ ఫాన్ బోర్న్‌కు చక్రవర్తి చేసిన సత్కారాన్ని పురస్కరించుకొని రాసిన గీతనాటిక, కొత్త మందిర ప్రారంభోత్సవానికి 1791 నవంబరులో పూర్తిచేసిన మరో చిన్న గీతనాటిక, ఇవన్నీ ఆయన బహిరంగంగా తన పేరుతో రాసినవే. దాగి ఉన్నది దీక్షా విధానం తప్ప సంఘం ఉనికి కాదు. ఇరవయ్యో శతాబ్దపు సినిమా ఊహించిన, పేరే లేని, ఎవరున్నారో తెలియని రహస్య కూటమికీ పద్దెనిమిదో శతాబ్దపు వియన్నా లాడ్జ్‌కూ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

ఇక ఆపెరా. 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారులోని వీడెన్ నాటకశాలలో తొలి ప్రదర్శన జరిగింది. అది రాజాస్థాన రంగస్థలం కాదు. యంత్రాలతో ఎగిరే రథాలు, ఉరుములు, మృగాలు చూపించి అన్ని తరగతుల ప్రేక్షకులనూ రప్పించే వ్యాపార నాటకశాల. దాని నిర్వాహకుడు ఎమాన్యుయెల్ షికానేడర్ తానే మాటలు, పాటలు రాసి, పక్షులు పట్టే పాపగేనో పాత్రను తానే ధరించాడు. రాత్రిరాణి కూతురు పామీనాను విడిపించడానికి బయలుదేరిన టమీనో అనే యువరాజు, దుర్మార్గుడని విన్న సరాస్ట్రో నిజానికి జ్ఞానమందిరానికి అధిపతి అని తెలుసుకొని, అక్కడే పరీక్షలకు సిద్ధపడటం ఇందులోని కథ.

దీక్షా సంప్రదాయపు ఛాయలు ఇందులో ఉన్నాయనడానికి సందేహించనక్కరలేదు. మొదటి అంకం చివర కొత్తవారిద్దరి తలలకూ ముసుగు కప్పి లోపలికి తీసుకుపోతారు. రెండో అంకంలో వారికి మౌనపరీక్ష పెడతారు. కవచధారులు ఇద్దరు పాడే శాసనం నిప్పు, నీరు, గాలి, భూమి అనే నాలుగు భూతాల ద్వారా శుద్ధి పొందడాన్ని గురించి చెబుతుంది. ఆ శాసనానికి మూలం ఫ్రెంచి రచయిత జాఁ తెరాసోఁ 1731లో ప్రచురించిన ఈజిప్టు నవల ‘సెతోస్’. ఈజిప్టు పురోహితులను విజ్ఞానవేత్తలుగా చిత్రిస్తూ బోర్న్ 1784లో ఫ్రీమేసన్ల పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. ఆపెరా ముగింపు బృందగానం బలం, సౌందర్యం, జ్ఞానం అనే మూడింటినీ కీర్తిస్తుంది. లాడ్జ్‌ను నిలబెట్టే మూడు స్తంభాలుగా ఫ్రీమేసన్లు చెప్పేవి ఇవే. తొలి ప్రదర్శన నాడు అమ్మిన పాటల పుస్తకాన్ని అచ్చువేసిన ఇగ్నాట్స్ ఆల్బెర్టి మొజార్ట్ లాడ్జ్ సభ్యుడే. సరాస్ట్రో పాత్రకు బోర్నే నమూనా అని చాలామంది రాశారు. అది నమ్మదగిన ఊహే గానీ, ఊహగానే చెప్పాలి.

అన్నింటికంటే నాకు ముఖ్యంగా తోచేది రెండో అంకం ప్రారంభంలోని సంభాషణ. టమీనోను చేర్చుకోవచ్చా అని పురోహితులు సరాస్ట్రోను ప్రశ్నిస్తారు. అతనికి సుగుణం ఉందా, రహస్యం కాపాడగలడా, దానశీలం ఉందా అని అడుగుతారు. చివరి మాట మొజార్ట్ మొదట చేరిన లాడ్జ్ పేరును తలపించేదే. అతడు యువరాజు, ఈ పరీక్షలు తట్టుకోగలడా అని ఒకరు సందేహించినప్పుడు, అతడు అంతకంటే ఎక్కువ, అతడు మనిషి అని సరాస్ట్రో బదులిస్తాడు. ఫ్రాన్స్‌లో విప్లవం జరిగి రెండేళ్లయిన సమయంలో, రాజవంశపు రాజధానిలో, టికెట్టు కొన్న ప్రతివాడి ముందూ ఈ మాట పలికించారు. గుప్తసంకేతం ఏమైనా ఉందా అని స్వరాలు తవ్వేవారు ఈ మాటను దాటిపోతారు. అది ఎక్కడా దాగి లేదు కాబట్టే కాబోలు.

అతివ్యాఖ్యానం సంఖ్యల దగ్గర మొదలవుతుంది. ముగ్గురు స్త్రీలు, ముగ్గురు బాలురు, మూడు ఆలయాలు ఉన్నాయి. తొలి వాద్యసంగీతం మధ్యలో మూడేసి సార్లు మోగే గంభీరమైన స్వరసమూహం ఉంది. అదే పురోహితుల సభలోనూ వినిపిస్తుంది. ఆపెరా మొదలై ముగిసే శ్రుతి ఇ-ఫ్లాట్ మేజర్. రాతలో దానికి మూడు ఫ్లాట్ గుర్తులు, అంటే స్వరాన్ని అరమెట్టు దించే గుర్తులు, ఉంటాయి. వీటిలో మోగే స్వరసమూహాన్ని దీక్షాసూచకంగా తీసుకోవడం న్యాయమే, ఎందుకంటే నాటకంలోనే అది సభాకార్యక్రమంలో భాగంగా వినిపిస్తుంది. మిగతావాటి విషయంలో రెండు ప్రశ్నలు వేయాలి. ఆనాటి పత్రం ఏదైనా దీనికి సాక్ష్యంగా ఉందా? సంఘంతో సంబంధమే లేని చోట కూడా ఇదే లక్షణం కనబడుతోందా?

శ్రుతి సంగతి చూడండి. మొజార్ట్ లాడ్జ్‌లో చేరకముందే, 1777లో ఒక పియానో కచేరీకృతిని, 1779లో వయొలిన్, వయోలాల జోడీ కృతిని ఇదే ఇ-ఫ్లాట్ మేజర్‌లో రాశాడు. లాడ్జ్ కోసమే రాసినవి చూస్తే, బోర్న్ సత్కారగీతం ఈ శ్రుతిలోనే ఉన్నా, శోకసంగీతం సి-మైనర్‌లో, సహచర దీక్షాగీతం బి-ఫ్లాట్ మేజర్‌లో, చివరి గీతనాటిక సి-మేజర్‌లో ఉన్నాయి. శోకసంగీతానికీ మూడు ఫ్లాట్‌లే ఉన్నాయి గదా అనవచ్చు; అప్పుడు మిగతా రెండింటికీ సమాధానం చెప్పాలి. మన భాషలో చెప్పాలంటే మేజర్ అన్నవన్నీ శంకరాభరణ మేళమే, ఆధారషడ్జం మాత్రమే మారుతోంది. ఫ్రెంచి కొమ్ములు, క్లారినెట్‌లు హాయిగా పలికే శ్రుతి కావడం వల్ల కూడా ఆ కాలపు స్వరకర్తలు గంభీరమైన సన్నివేశాలకు ఇ-ఫ్లాట్‌ను ఎంచుకునేవారు.

మూడు అనే సంఖ్య మరీ జారుడు. రాణి పంపిన ముగ్గురు స్త్రీలు ఆలయానికి శత్రువులు. మూడు ఫ్రీమేసన్ల ముద్ర అయితే, అది వారి విరోధుల ఒంటిమీద ఎందుకు ఉన్నట్టు? జానపదకథల్లో ముగ్గురు సహాయకులు, మూడు పరీక్షలు రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ వస్తే కాదు. 1968లో ఫ్రెంచి సంగీత పండితుడు జాక్ షైయే ఈ ఆపెరాలోని దాదాపు ప్రతి అంశాన్నీ దీక్షాసంకేతంగా చదివి ఒక గ్రంథం రాశాడు. దానికి దీటైన విమర్శ అమెరికా పరిశోధకుడు డేవిడ్ బుక్ నుంచి వచ్చింది. షికానేడర్ నాటకశాలలో అప్పటికే మాయావాద్యాలు, పరీక్షలు, అద్భుత జీవులతో నిండిన కథానాటకాలు వరుసగా ఆడుతున్నాయని ఆయన చూపించాడు. 1790లో అదే వేదికమీద ఆడిన ‘పరుసవేది’ అనే ఆపెరాను మొజార్ట్‌తో సహా పలువురు కలిసి స్వరపరిచారని, హాంబర్గ్‌లో దొరికిన రాతప్రతి ఆధారంగా 1990లలో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. బుక్ వాదన మరో అంచుకు పోయిందని నాకనిపిస్తుంది. తెరాసోఁ శాసనాన్ని, స్తంభాల త్రయాన్ని, మౌనదీక్షను కేవలం జానపదకథగా కొట్టిపారేయలేం. అయితే ప్రతి వాక్యానికీ లాడ్జ్ తాళంచెవి వాడనక్కరలేదని ఆయన రుజువు చేశాడు.

సంగీతంలో నిజంగా దాచిపెట్టిన పేర్లు లేవని కాదు. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ తన పేరులోని అక్షరాలకు జర్మన్ స్వరనామాలు ఆపాదించి నాలుగు స్వరాల ముద్ర తయారుచేసుకున్నాడు. 1960లో నాలుగు తంత్రీవాద్యాల కోసం రాసిన ఎనిమిదో క్వార్టెట్ అంతటా అది వినిపిస్తుంది. ముత్తుస్వామి దీక్షితులు ‘రంగపుర విహార’ అనుపల్లవిలో ‘బృందావన సారంగేంద్ర’ అంటూ రాగం పేరును దైవస్తుతిలో కలిపేయడం మన శ్రోతలకు తెలిసిందే. ఇలాంటి ముద్రలను ఎవరు చూసినా అవే అక్షరాలు, అవే స్వరాలు దొరుకుతాయి. పరీక్షకు నిలిచే సంకేతం లక్షణం అదే. చూసేవారిని బట్టి మారిపోయే సంకేతాన్ని కృతిలో ఉన్నదిగా చెప్పడానికి వీలులేదు.

ఫ్రీమేసన్ కోణంలో ఈ ఆపెరాను చదివేవారు ఎక్కువగా ఆలస్యం చేయవలసిన చోటు వేరే ఉంది. లాడ్జ్ నియమాన్ని ఆపెరా ధిక్కరించిన చోటు అది. ఆలయ పురోహితులు స్త్రీల గురించి పలికే మాటలు వినడానికే కష్టంగా ఉంటాయి. స్త్రీ చేసేది తక్కువ, వాగేది ఎక్కువ అని ఒకడంటాడు. వియన్నా లాడ్జ్‌లలో స్త్రీలకు ప్రవేశం లేదు. అయినా చివరి పరీక్ష వచ్చేసరికి, రాత్రికీ మరణానికీ జంకని స్త్రీ అర్హురాలు, ఆమెకు దీక్ష లభిస్తుంది అని పాడతారు. పామీనా టమీనో చేయి పట్టుకొని, నేనే నిన్ను నడిపిస్తాను అంటుంది. వేణువు పుట్టుక కథ చెప్పేది కూడా ఆమే. అంతకు ముందు కవచధారులు పాడే పాటకు మొజార్ట్ 1524 నాటి లూథర్ కీర్తన బాణీని తీసుకున్నాడు. కేథలిక్ వియన్నాలో ప్రొటెస్టెంట్ స్తోత్రాన్ని, పాతకాలపు అల్లికతో, మధ్యలో నిలిపాడు. ఆ తరువాత నిప్పులోంచీ నీటిలోంచీ ఇద్దరూ నడుస్తుంటే వినిపించేది ఒంటరి వేణువు, దాని వెనుక లోహవాద్యాల మెల్లని స్వరాలు, డోళ్ల తేలికపాటి దెబ్బలు, అంతే. ఇంత ఆడంబరమున్న నాటకంలో అత్యున్నత ఘట్టానికి ఆయన ఎంచుకున్న పొదుపు అది.

ఆ సోదరభావానికి ఒక చీకటి హద్దు ఉంది, దాన్ని కూడా చూడాలి. సరాస్ట్రో దగ్గర బానిసలున్నారు. నల్లజాతి వాడైన మోనోస్టాటోస్‌ను కాముకుడిగా, అరికాళ్లపై 77 దెబ్బల శిక్షకు పాత్రుడిగా చూపిస్తారు. నల్లవాడు వికారి కాబట్టి ప్రేమకు నోచుకోకూడదా అని అతడు పాడతాడు. దీన్ని ఆ కాలపు అలవాటుగా దాటవేయడానికి వీల్లేకుండా చేసే సాక్ష్యం వియన్నాలోనే ఉంది. మొజార్ట్ రెండో మెట్టు ఎక్కిన ‘నిజమైన సామరస్యం’ లాడ్జ్‌లో ఆఫ్రికాలో పుట్టిన ఏంజెలో సోలిమాన్ గౌరవ సభ్యులైన విద్యావంతుల మధ్య కూర్చునేవాడు. చిన్నతనంలోనే బానిసగా యూరప్ చేరి, పలు భాషలు నేర్చి, ప్రభువుల కుటుంబాల్లో విశ్వాసం సంపాదించినవాడు. 1796లో ఆయన మరణించాక కూతురు ఎంత వేడుకున్నా వినకుండా, చర్మం ఒలిచి, బొమ్మగా నిలబెట్టి, చక్రవర్తి వింతవస్తువుల సేకరణలో ప్రదర్శించారు. అతడు మనిషి అని వేదికపై పలికిన నగరంలోనే, ఐదేళ్లకే, ఇది జరిగింది. ‘ది మ్యాజిక్ ఫ్లూట్’లో లోతైన అర్థం కోసం వెతికేవారు ఫ్లాట్ గుర్తులు లెక్కించడం కంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం ఎక్కువ విలువైన పని.

హత్య పుకారుకు వస్తాను. మొజార్ట్ మరణానికి ఆనాటి రికార్డులో నమోదైన కారణం పొక్కులతో కూడిన తీవ్రజ్వరం. రహస్యాలు బయటపెట్టినందుకు ఫ్రీమేసన్లే చంపారన్న ఆరోపణ 1861లో జర్మన్ రచయిత గేయోర్గ్ ఫ్రీడ్రిష్ దౌమర్ రాతల్లో, అంటే ఏడు దశాబ్దాల తరువాత, రూపుదిద్దుకుంది. 1930లలో, ఫ్రీమేసన్ సంఘాలను నిషేధించిన నాజీ జర్మనీలో, మథిల్డె లూడెన్‌డోర్ఫ్ దాన్ని యూదుల మీది ద్వేషంతో కలిపి ప్రచారం చేసింది. జరిగిన సంగతులు దీనికి పూర్తిగా విరుద్ధం. మొజార్ట్ పోయాక ఆయన లాడ్జ్ సంతాప సభ జరిపింది, ఆ ప్రసంగాన్ని 1792లో ఆల్బెర్టి అచ్చువేశాడు, చివరి గీతనాటికను సభ్యులు ప్రచురించి వచ్చిన సొమ్ము వితంతువు కోన్‌స్టాంట్సెకు చేరేలా చూశారు. పైగా ఆపెరా వల్ల కోపగించి చంపేవారైతే, సహ రచయిత షికానేడర్‌ను వదిలేసి ఉండరు. ఆయన 1812 దాకా జీవించాడు. మృతుల కోసం పాడే ప్రార్థనాసంగీతం ‘రిక్వియెం’ రాయమని మొజార్ట్‌ను కోరిన అజ్ఞాత దూత కథ కూడా ఇలాంటిదే. ఆ కృతిని రాయించుకున్నది కౌంట్ వాల్సెగ్, 1791 ఫిబ్రవరిలో మరణించిన భార్య స్మారకంగా తన పేరుతో వినిపించుకోవాలన్న కోరికతో. 1984 నాటి ‘అమడేయుస్’ చిత్రం ఆ దూత ముసుగు కింద ఆస్థాన స్వరకర్త సలియేరీని పెట్టింది. ఆ సలియేరీ ‘ది మ్యాజిక్ ఫ్లూట్’కు వచ్చి మొదటి నుంచి చివరి దాకా మెచ్చుకుంటూ విన్నాడని 1791 అక్టోబరులో భార్యకు రాసిన ఉత్తరంలో మొజార్ట్ సంతోషంగా చెప్పుకున్నాడు.

అదే నెలలో రాసిన మరో ఉత్తరం ఉంది. గంభీరమైన ఘట్టాల్లో కూడా పకపకా నవ్వుతున్న ఒక ప్రేక్షకుడి పక్కన కూర్చోలేక, అతన్ని పాపగేనో అని పిలిచి, మొజార్ట్ లేచి వెళ్లిపోయాడు. పురోహితుల ఘట్టాలు ఆయనకు అలంకారం కాదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

సినిమా ఈ ఆపెరాను రెండు భిన్నమైన దారుల్లో అందుకుంది. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మాన్ 1975 జనవరి 1న స్వీడిష్ టెలివిజన్‌లో ప్రసారమైన తన చిత్రం కోసం, 1766 నాటి డ్రాట్నింగ్‌హోమ్ నాటకశాల లోపలి భాగాన్ని స్టూడియోలో పునర్నిర్మించాడు. ఆయన సరాస్ట్రోను పామీనా తండ్రిగా మార్చాడు. దాంతో వెలుగుకూ చీకటికీ మధ్య జరిగే యుద్ధం ఒక బిడ్డ కోసం విడిపోయిన భార్యాభర్తల పోరాటమైంది, ఈజిప్టు సామగ్రి చాలావరకు రాలిపోయింది. విరామ సమయంలో సరాస్ట్రో వేషధారి వాగ్నర్ ‘పార్సిఫాల్’ స్వరలిపి చదువుతూ కనిపిస్తాడు. పవిత్రపాత్రను కాపాడే మరో పురుష సంఘం కథ అది. సంకేతం ఎలా పెట్టాలో తెలిసినవాడి పని ఇది. గుర్తుపట్టినవారికి ఆలోచన ఇస్తుంది, గుర్తుపట్టనివారికి కథ ఏమీ తగ్గదు.

క్యూబ్రిక్ దారి వేరు. ‘ఐస్ వైడ్ షట్’కు ఆధారం వియన్నా రచయిత ఆర్థర్ ష్నిట్స్‌లర్ 1926 నాటి నవలిక. అందులోనూ సంఘానికి పేరు లేదు. సినిమాలో ఆ కూటమి ఆచారాలను ఏ లాడ్జ్ విధానం నుంచీ తీసుకోలేదు. ధూపపాత్ర, వలయం, ఎర్రని వస్త్రం చర్చి ఆరాధనను తలపిస్తాయి, ముసుగులు వెనిస్ ఉత్సవానివి. లోపలికి వెళ్లేందుకు నవలికలో ‘డెన్మార్క్’ అనే మాట సంకేతం కాగా, క్యూబ్రిక్ దాన్ని ‘ఫిడేలియో’గా మార్చాడు. మారువేషంలో చెరసాలలోకి వెళ్లి భర్తను కాపాడుకునే భార్య కథతో బేథోవెన్ రాసిన ఏకైక ఆపెరా అది. భార్యకు తెలియకుండా మారువేషంలో వెళ్లిన భర్తకు ఆ పేరు పలకవలసి రావడంలోని చురక సామాన్య ప్రేక్షకుడికి అందేదే. కళ్లకు గంతలు కట్టుకొని వాయించే సంగీతకారుడే ఆ మాటను అతనికి అందిస్తాడు.

కుట్రవాదులు ఈ సినిమా గురించి ఎక్కువగా చెప్పేది చిత్రీకరణ స్థలం గురించి. రహస్య కూటమి సమావేశమయ్యే భవనపు వెలుపలి దృశ్యాలు ఇంగ్లండ్‌లోని మెంట్‌మోర్ టవర్స్‌లో తీశారు. 1850లలో దాన్ని కట్టించింది యూదు బ్యాంకర్లైన రోత్‌షీల్డ్ కుటుంబం. ఆ ఒక్క ముక్క పట్టుకొని యూదు ధనికుల రహస్య పాలన అనే పాత విషాన్ని మళ్లీ వడ్డిస్తారు. 1930లలో మొజార్ట్ విషయంలో జరిగింది ఇదే. సినిమా తీసేనాటికి ఆ భవనం మహర్షి మహేశ్ యోగి ధ్యానసంస్థ చేతిలో ఉందన్న సంగతి ఆ కథల్లో కనిపించదు. మన దేశంలో లాడ్జ్ భవనాలను జనం జాదూఘర్ (మాయల ఇల్లు) అని పిలిచిన రోజులున్నాయి. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 19వ శతాబ్దం నుంచి ఫ్రీమేసన్ల సమావేశస్థలంగా ఉంది. ఊరి నడిబొడ్డున, చిరునామాతో సహా.

సినిమాలో భయాన్ని నిజంగా పుట్టించేది శబ్దం. పియానో మీద పదేపదే మోగే రెండు స్వరాలు, ఆ మీదట గుచ్చినట్టు వచ్చే మూడోది జార్జ్ లిగెటి 1951-53లో కమ్యూనిస్టు హంగరీలో రాసిన కృతిలోనివి. అందులో వాడినవి పక్కపక్కనే ఉండే మూడు స్వరస్థానాలే. సంఖ్యలు లెక్కించేవారికి ఇక్కడ మళ్లీ మూడు దొరుకుతుంది. కానీ ఆ మూడో స్వరం స్టాలిన్ గుండెలో దిగే కత్తి అని లిగెటి స్వయంగా చెప్పాడు. ఏ దీక్షాగది నుంచీ వచ్చినది కాదది, నోరు విప్పలేని దేశంలో పుట్టిన కోపం. వలయంలో నిలబడిన ముసుగుల మధ్య వినిపించే గంభీర స్వరం బ్రిటిష్ స్వరకర్త జోసెలిన్ పుక్ సమకూర్చినది. రొమేనియన్ ఆర్థడాక్స్ చర్చి ప్రార్థనను వెనక్కి తిప్పి వినిపించారు.

మొజార్ట్ ఈజిప్టుతో ఈ పద్ధతికి లోతైన పోలిక ఉంది. 1791లో ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవారు యూరప్‌లో ఒక్కరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియోఁ దాన్ని ఛేదించింది 1822లో. చదవలేని లిపి కాబట్టే అందులో సర్వజ్ఞానం ఉందని ఊహించుకోగలిగారు. ఈజిప్టు దేవతలు ఐసిస్, ఓసిరిస్‌ల పేరుతో సరాస్ట్రో పాడే ప్రార్థన ఎంత అందమైనదైనా, అది ఈజిప్టుది కాదు, వియన్నాది. క్యూబ్రిక్ కూడా తన ప్రేక్షకుడికి అర్థంకాని ప్రార్థననే రహస్యంగా మార్చాడు. ఒకరికి నిత్యారాధన అయినది మరొకరికి గగుర్పాటు కలిగించే ధ్వని. రహస్య సంఘాన్ని తెరమీద చూపించే చాలా చిత్రాల్లో మనం వింటున్నది ఇతరుల బహిరంగ భక్తినేనని నేను నమ్ముతున్నాను.

ఇందులో మనకూ నేరుగా తగిలిన ఘటన ఒకటుంది. 1999లో అమెరికాలో సినిమా విడుదలైనప్పుడు, ఆ భవనంలోని శృంగార దృశ్యాల వెనుక భగవద్గీత నాలుగో అధ్యాయంలోని ‘పరిత్రాణాయ సాధూనాం’ శ్లోకం వినిపించింది. తెలుగు ఇళ్లలో పిల్లలు సైతం అప్పగించే శ్లోకం అది. అందులో గుప్తమైనది ఏమీ లేదు. అక్కడి హిందువులు నిరసన తెలిపారు. వారి బాధ సబబైనదే. నిర్మాణ సంస్థ తరువాతి ప్రతుల్లో ఆ శ్లోకాన్ని తొలగించి మరో సంగీతం పెట్టింది. తలకిందులైన రొమేనియన్ ప్రార్థన మాత్రం ఇప్పటికీ ఆ దృశ్యంలో అలాగే వినిపిస్తోంది.